విదేశాలకు ఒంటరి ప్రయాణం: భారమంతా ఒక్క ఫోన్ మీదే పడకుండా సాంకేతిక సన్నాహం

ఇద్దరు కలిసి విదేశానికి వెళ్ళినప్పుడు ఒకరి ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోతే రెండోవారి ఫోన్‌లో దారి చూసుకుంటారు. ఒకరి కార్డు పనిచేయకపోతే రెండోవారు బిల్లు కడతారు. ఒకరు సామాను దగ్గర కూర్చుంటే రెండోవారు కౌంటర్ దగ్గరికి వెళతారు. ఒంటరిగా వెళ్ళేవారికి ఈ వెసులుబాటు ఉండదు. పైగా ఇప్పుడు విమానం టికెట్టు, హోటల్ బుకింగ్, దారి చూపే మ్యాపు, బ్యాంకు పంపే ఓటీపీ, ఇంటివాళ్ళ నంబర్లు, చివరికి భాష తెలియని చోట మాట్లాడే సాధనం కూడా ఒకే ఫోన్‌లో ఉంటున్నాయి. అందువల్ల ఒంటరి ప్రయాణికులు ఏ పరికరం కొనబోయినా ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: నా ఫోన్ పోయినా, పగిలినా, ఆగిపోయినా నేను ఈ రాత్రికి గదికి చేరుకుని, రేపు ఉదయం డబ్బు చెల్లించి, ఇంటికి ఫోన్ చేయగలనా? ఈ మార్గదర్శిలో ప్రతి అడుగూ ఆ ప్రశ్నకు జవాబుగానే రాశాను. కొత్తగా కొనవలసినవి తక్కువ, ఇంట్లో కూర్చుని సరిచేసుకోవలసినవి ఎక్కువ.

మొదటి అడుగు: పాత ఫోన్‌ను రెండో ఫోన్‌గా సిద్ధం చేసుకోవడం

చాలా ఇళ్ళలో సొరుగులో ఒక పాత స్మార్ట్‌ఫోన్ ఉంటుంది. దాని తెర బాగుండి, బ్యాటరీ సగం రోజైనా నిలిస్తే, ఒంటరి ప్రయాణానికి అంతకంటె విలువైన పరికరం మరొకటి లేదని నా అభిప్రాయం. ప్రయాణానికి నెల ముందు దాన్ని బయటకు తీసి, అందులోని పాత సమాచారమంతా చెరిపేసి, వచ్చే అప్‌డేట్లన్నీ వేసి, కొత్త స్క్రీన్ లాక్ పెట్టండి. తరువాత మీ గూగుల్ లేదా ఆపిల్ ఖాతాతో అందులో లాగిన్ అవ్వండి. ఇలా చేయడం వల్ల ప్రధాన ఫోన్ పోయినప్పుడు, 'ఇది మీరేనా' అని అడిగే నిర్ధారణ సందేశం రెండో ఫోన్‌కు కూడా వస్తుంది. లేకపోతే పోయిన ఫోన్‌ను వెతకడానికి ఆ పోయిన ఫోన్‌కే వచ్చే కోడ్ కావలసిరావచ్చు.

ఆ తరువాత వాట్సాప్. ఒక ఖాతాకు ప్రధాన ఫోన్ కాక మరో నాలుగు పరికరాలను జత చేసుకునే వీలుంది. జత చేసిన పరికరం, ప్రధాన ఫోన్ ఆగిపోయినా, దాదాపు 14 రోజులు పనిచేస్తుంది. కాబట్టి పాత ఫోన్‌లో వాట్సాప్ వేసి, జత చేసిన పరికరంగా కలపండి. ప్రధాన ఫోన్ పోయిన మరుక్షణం కూడా ఇంటివాళ్ళతో మాట్లాడటానికి ఇంతకంటె తేలికైన ఏర్పాటు నాకు తెలియదు. గూగుల్ ఖాతా భద్రత విభాగంలో 10 బ్యాకప్ కోడ్‌లు తీసుకునే సదుపాయం ఉంది. ఒక్కొక్కటి 8 అంకెలది, ఒక్కొక్కటి ఒక్కసారి మాత్రమే పనిచేస్తుంది. వాటిని కాగితం మీద రాసి, పాస్‌పోర్టు ఉన్న సంచిలో కాకుండా వేరే చోట ఉంచండి. ఆ కాగితం మీదే ఇంటివాళ్ళవి రెండు ఫోన్ నంబర్లు 91 కోడ్‌తో సహా, బస చేసే చోటి చిరునామా అక్కడి లిపిలో, బ్యాంకువారి అంతర్జాతీయ సహాయ నంబరు, ఆ దేశంలోని భారత రాయబార కార్యాలయం అత్యవసర నంబరు కూడా రాసుకోవాలి.

పాస్‌పోర్టు, వీసా, బీమా పత్రాల స్కాన్ కాపీలను రెండు ఫోన్లలోనూ ఇంటర్నెట్ లేకుండా తెరుచుకునేలా పెట్టుకోండి. డిజిలాకర్‌లోనో ఈమెయిల్‌లోనో ఉన్నాయి కదా అని ఊరుకుంటే, సిగ్నల్ లేని చోట అవి ఉన్నా లేనట్టే.

రెండో అడుగు: ఈ-సిమ్, మన సిమ్, వాటి మధ్య పని పంపకం

ఈ-సిమ్ అంటే కార్డు వేయనక్కరలేకుండా ఫోన్‌లోకి డౌన్‌లోడ్ చేసుకునే సిమ్. ఫోన్‌లో *#06# నొక్కితే వచ్చే వివరాల్లో, ఫోన్‌ను గుర్తించే ఐఎంఈఐ నంబరుతో పాటు ఈఐడీ అనే పొడవాటి నంబరు కనిపిస్తే సాధారణంగా ఆ ఫోన్‌లో ఈ-సిమ్ పనిచేస్తుంది. ఐఫోన్లలో 2018లో వచ్చిన ఎక్స్‌ఎస్ నుంచి ఈ సదుపాయం ఉంది. ఐఎంఈఐ నంబరును కూడా అదే కాగితం మీద రాసుకోండి; పోలీసు ఫిర్యాదులో అది అడుగుతారు.

ప్రయాణికుల కోసం అమ్మే ఈ-సిమ్‌లు చాలావరకు డేటాకే పరిమితం. వాటికి మామూలు ఫోన్ నంబరు ఉండదు, ఎస్ఎంఎస్ రాదు. దీన్నిబట్టి రెండు పనులు ముందే చేయాలి. మొదటిది, అక్కడ వాడబోయే ట్యాక్సీ యాప్‌లను, ఉదాహరణకు సింగపూర్, మలేషియా, థాయిలాండ్‌లలో గ్రాబ్‌ను, ఇంటి దగ్గరే మన నంబరుతో నమోదు చేసుకుని, కార్డు కూడా కలిపి ఉంచుకోవాలి. రెండోది, ఈ-సిమ్‌ను ఇంటి వైఫైలోనే ఫోన్‌లోకి ఎక్కించుకోవాలి. ప్లాన్ గడువు కొన్నప్పటి నుంచి మొదలవుతుందా, ఆ దేశపు నెట్‌వర్క్ తగిలినప్పటి నుంచి మొదలవుతుందా అన్నది చదివి కొనండి. దిగాక డేటా రాకపోతే తొందరపడి ఈ-సిమ్‌ను తొలగించకండి. ఒకసారి వాడిన క్యూఆర్ కోడ్ సాధారణంగా మళ్ళీ పనిచేయదు. ఆ లైనుకు డేటా రోమింగ్ ఆన్ చేశారో లేదో చూసి, ఫోన్‌ను ఒకసారి ఆపి తిరిగి వేస్తే చాలా సందర్భాల్లో సరిపోతుంది.

ఇక మన సిమ్. దాన్ని ఇంట్లో వదిలి వెళ్ళడం పెద్ద పొరపాటు, ఎందుకంటే బ్యాంకు ఓటీపీలన్నీ దానికే వస్తాయి, విదేశంలో కూర్చుని దానికి డూప్లికేట్ తెప్పించుకోవడం చాలా కష్టం. బయలుదేరే ముందు దానిపై అంతర్జాతీయ రోమింగ్ సేవను చేతనం చేయించుకుని, డేటా రోమింగ్ మాత్రం ఆపివేయండి. రెండు సిమ్‌లూ ఒకే ఫోన్‌లో ఉంటే, ఒకదానిలో సిగ్నల్ తగ్గినప్పుడు రెండోదాని డేటాకు మారే ఐచ్ఛికం సెట్టింగుల్లో ఉంటుంది. దాన్ని తప్పకుండా ఆపాలి, లేకపోతే మీకు తెలియకుండానే రోమింగ్ బిల్లు పెరుగుతుంది.

నేను గట్టిగా సూచించే ఏర్పాటు వేరు. మన సిమ్‌ను పాత ఫోన్‌లో వేసి ఆ ఫోన్‌ను గదిలో లాకర్‌లోనో, లోపలి సంచిలోనో ఉంచండి. ఈ-సిమ్ ఉన్న ప్రధాన ఫోన్‌ను బయట తిప్పండి. అప్పుడు వీధిలో ఎవరైనా ఫోన్ లాక్కుపోయినా మీ బ్యాంకు నంబరు మీ దగ్గరే ఉంటుంది. దీనివల్ల ఓటీపీ కావలసిన పనులు, అంటే రైలు టికెట్లు, మరుసటి ఊరి హోటల్, సాయంత్రం గదికి వచ్చాకే చేసుకోవలసివస్తుంది. ఆ మాత్రం అసౌకర్యం భరించదగినదే. ప్రధాన ఫోన్‌లో వాట్సాప్ మన పాత నంబరుతోనే కొనసాగుతుంది. నంబరు మార్చమంటారా అని అడిగితే వద్దనండి.

మన సిమ్‌కు సిమ్ పిన్ కూడా పెట్టుకోవాలి. ఇది ఫోన్ లాక్‌తో సంబంధం లేనిది. ఫోన్‌కు ఎంత గట్టి లాక్ ఉన్నా, దొంగ సిమ్‌ను తీసి మరో ఫోన్‌లో వేస్తే ఓటీపీలు అక్కడికి వెళ్ళిపోతాయి. సిమ్ పిన్ ఉంటే ఆ దారి మూసుకుపోతుంది. అయితే కంపెనీ ఇచ్చిన తొలి పిన్ ఏమిటో మీ నెట్‌వర్క్‌వారిని అడిగి తెలుసుకున్నాకే మార్చండి. మూడుసార్లు తప్పు కొడితే సిమ్ బిగుసుకుపోయి, నెట్‌వర్క్‌వారు ఇచ్చే పీయూకే అనే కోడ్ లేనిదే తెరుచుకోదు.

మూడో అడుగు: చెల్లింపులు

2020లో రిజర్వు బ్యాంకు తెచ్చిన నిబంధన ప్రకారం కొత్త కార్డులు మొదట దేశంలోపలి వాడకానికే తెరిచి ఉంటాయి. విదేశీ వాడకాన్ని మనమే బ్యాంకు యాప్‌లో ఆన్ చేసుకోవాలి. ఏటీఎం, దుకాణంలో స్వైపు, ఆన్‌లైన్, తాకించి చెల్లించడం, వీటిలో ప్రతిదానికీ విడిగా మీట ఉంటుంది. ఈ పనిని శంషాబాద్ విమానాశ్రయంలో క్యూలో నిలబడి చేయవద్దు. వారం ముందు చేసి, పరిమితులు కూడా సరిచూసుకోండి.

కార్డులు కనీసం రెండు ఉండాలి, అవి రెండు వేర్వేరు కార్డు నెట్‌వర్క్‌లవి (వీసా, మాస్టర్‌కార్డ్ వంటివి) అయితే మంచిది, రెండింటినీ ఒకే పర్సులో పెట్టకూడదు. విదేశంలో ఏటీఎం లేదా స్వైపు యంత్రం 'రూపాయల్లో చెల్లిస్తారా, స్థానిక కరెన్సీలోనా' అని అడుగుతుంది. రూపాయల మొత్తం కళ్ళముందు కనిపిస్తుంది కాబట్టి అదే నయమనిపిస్తుంది, కాని ఆ మారకపు ధర యంత్రం తాలూకు సంస్థ నిర్ణయించింది, అది దాదాపు ఎప్పుడూ మనకు నష్టమే. స్థానిక కరెన్సీనే ఎంచుకోండి.

యూపీఐ విదేశాల్లోనూ విస్తరిస్తోంది. 2024 ఫిబ్రవరిలో శ్రీలంక, మారిషస్‌లలో మొదలైంది; అదే నెలలో పారిస్‌లోని ఈఫిల్ టవర్ దగ్గర కూడా ఆమోదించడం మొదలుపెట్టారు. వాడగలిగిన చోట వాడండి, దాన్నే నమ్ముకుని మాత్రం వెళ్ళకండి.

నాలుగో అడుగు: ప్లగ్గులు, వోల్టేజి

మన దేశంలో 230 వోల్టులు, అమెరికా, కెనడాలలో 120, జపాన్‌లో 100. ఫోన్, ల్యాప్‌టాప్, కెమెరా ఛార్జర్ల మీద సన్నని అక్షరాల్లో 'ఇన్‌పుట్ 100-240' అని ఉంటుంది. అలా ఉంటే ఆ ఛార్జర్ ప్రపంచంలో ఎక్కడైనా పనిచేస్తుంది, మీకు కావలసింది పిన్నుల ఆకారం మార్చే అడాప్టర్ మాత్రమే. ఈ అడాప్టర్ వోల్టేజిని మార్చదు, ఈ సంగతి చాలామందికి తెలియదు.

మన కెటిల్, ఇస్త్రీపెట్టె, జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్, చిన్న రైస్ కుక్కర్ వంటివి 230 వోల్టులకే చేసినవి. 1500 వాట్ల మన కెటిల్‌ను అమెరికాలో పెడితే వోల్టేజి సుమారు సగం కావడం వల్ల దాని శక్తి దాదాపు నాలుగో వంతుకు, అంటే 400 వాట్ల దగ్గరికి పడిపోతుంది. నీళ్ళు కాగడానికి ఎంతో సేపు పడుతుంది. అక్కడ కొన్న 120 వోల్టుల వస్తువును తెచ్చి మన ఇంట్లో పెడితే ఇంచుమించు నాలుగింతల శక్తి లాగి కాలిపోతుంది. అమెరికాలో ఉండబోయే విద్యార్థులు 110 వోల్టుల మిక్సీలు ఇక్కడ ప్రత్యేకంగా కొనుక్కుని వెళ్ళేది ఈ కారణంగానే.

పిన్నుల విషయానికి వస్తే, మన ఫోన్ ఛార్జర్ల సన్నని రెండు గుండ్రటి పిన్నులు ఐరోపాలో చాలాచోట్ల నేరుగా దూరతాయి. బ్రిటన్, సింగపూర్, మలేషియా, హాంకాంగ్, యూఏఈలలో మూడు దీర్ఘచతురస్రపు పిన్నులు. అమెరికాలో రెండు బల్లపరుపు పిన్నులు లేదా వాటికి తోడు ఒక గుండ్రటి ఎర్త్ పిన్ను. జపాన్‌లో చాలా గదుల్లో రెండు బల్లపరుపు రంధ్రాలే ఉంటాయి, ఎర్త్‌కు చోటుండదు. ఒక మంచి అడాప్టర్, రెండు మూడు యూఎస్‌బీ రంధ్రాలున్న 65 వాట్ల గాన్ (చిన్నగా ఉండి ఎక్కువ శక్తినిచ్చే రకం) ఛార్జర్ ఒకటి, రెండు టైప్-సీ కేబుళ్ళు చాలు. ఒకే ఛార్జర్‌తో ల్యాప్‌టాప్, రెండు ఫోన్లు రాత్రికి నిండుతాయి. కేబుల్ రెండోది తప్పనిసరి. తెగేది, మరిచిపోయేది ఎప్పుడూ కేబులే.

ఐదో అడుగు: పవర్ బ్యాంక్, విమాన నిబంధనలు

పవర్ బ్యాంక్‌ను చెక్-ఇన్ బ్యాగులో పెట్టకూడదు, చేతి బ్యాగులోనే ఉండాలి. లిథియం బ్యాటరీ వేడెక్కి అంటుకుంటే క్యాబిన్‌లో సిబ్బంది ఆర్పగలరు, కింద సామాను గదిలో ఆ అవకాశం తక్కువ. పరిమితిని మిల్లీ యాంపియర్లలో కాక వాట్-అవర్లలో లెక్కిస్తారు: పవర్ బ్యాంక్ మీది మిల్లీ యాంపియర్ అవర్ సంఖ్యను 3.7 వోల్టులతో హెచ్చించి 1000తో భాగించాలి. 20,000 అయితే 74 వాట్-అవర్లు. 27,000 అయితే దాదాపు 100. 30,000 అయితే 111. సాధారణంగా 100 వరకు అనుమతి అక్కరలేదు. 100 నుంచి 160 వరకు విమాన సంస్థ ముందస్తు అనుమతి కావాలి. అంతకు మించితే తీసుకువెళ్ళకూడదు. అంకెలు చెరిగిపోయిన పవర్ బ్యాంక్‌ను భద్రతా సిబ్బంది పక్కన పెట్టేయవచ్చు.

2025 జనవరిలో దక్షిణ కొరియాలోని బూసాన్ విమానాశ్రయంలో ఎయిర్ బూసాన్ విమానం కాలిపోయిన తరువాత ఈ నిబంధనలు వేగంగా బిగుసుకున్నాయి. సింగపూర్ ఎయిర్‌లైన్స్ 2025 ఏప్రిల్ 1 నుంచి విమానంలో పవర్ బ్యాంక్ వాడకాన్ని ఆపింది. ఎమిరేట్స్ అదే సంవత్సరం అక్టోబర్ 1 నుంచి 100 వాట్-అవర్లలోపు ఒక్కదాన్నే, అదీ వాడకుండా, తీసుకురమ్మంటోంది. చైనాలో 2025 జూన్ 28 నుంచి దేశీయ విమానాల్లో 3సీ అనే చైనా భద్రతా ధ్రువీకరణ ముద్ర లేని పవర్ బ్యాంక్‌లను అనుమతించడం లేదు. ఇవి మారుతూనే ఉంటాయి కనుక టికెట్టు కొన్న రోజునే మీ విమాన సంస్థ నిబంధన చదవండి. నా మటుకు 10,000 సామర్థ్యం చాలు. 20,000 సామర్థ్యం ఉన్నదానితో ఒక ఫోన్ రెండున్నరసార్లు నిండుతుంది గాని, రోజంతా భుజాన మోసే బరువు మీదే.

ఆరో అడుగు: దారి, భాష

గూగుల్ మ్యాప్స్‌లో వెళ్ళబోయే ఊళ్ళను ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. అయితే ఇంటర్నెట్ లేనప్పుడు అది కారు దారులనే చూపుతుంది, నడక దారి, బస్సు, రైలు వివరాలు ఇవ్వదు. ఒంటరిగా వెళ్ళినవారికి నడక దారే ముఖ్యం కాబట్టి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆధారంగా పనిచేసే ఆర్గానిక్ మ్యాప్స్ వంటి యాప్‌ను తోడుగా ఉంచుకోవాలి. దక్షిణ కొరియాలో స్థానికులు దారికి నావర్ మ్యాప్, కకావో మ్యాప్‌లను నమ్ముతారు. మీరూ అవే వేసుకోండి. చైనాలో గూగుల్, వాట్సాప్ రెండూ నిరోధంలో ఉన్నాయి, కనుక అక్కడికి వెళ్ళేముందే అక్కడ చెల్లింపులకు, సందేశాలకు వాడే అలీపే, వీచాట్ యాప్‌లను సిద్ధం చేసుకోవాలి. దుబాయ్ వెళ్ళేవారి ఇళ్ళలో ప్రతిసారీ కలిగే కంగారు ఒకటుంది: యూఏఈలో వాట్సాప్ సందేశాలు వెళతాయి, కాల్స్ మాత్రం కలవవు. అక్కడ అనుమతి ఉన్న బోటిమ్ వంటి యాప్‌ను అమ్మానాన్నల ఫోన్‌లో కూడా మీరు బయలుదేరకముందే వేసి, ఒకసారి మాట్లాడి చూపించండి.

గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో ఆ దేశపు భాషను ఇంటర్నెట్ లేకుండా వాడేలా డౌన్‌లోడ్ చేసుకోండి. బోర్డులు, మెనూలు కెమెరాతో చదవవచ్చు. మాట్లాడేటప్పుడు చిన్న చిన్న వాక్యాలుగా, ఒక వాక్యంలో ఒకే సంగతి చెప్పండి. మన జాతీయాలు దానికి ఎక్కవు. శాకాహారులు మాత్రం అనువాదం మీదే ఆధారపడకూడదు. 'కూరగాయల సూప్' అని సరిగ్గానే అనువదించిన జపాన్ వంటకంలో చేపతో కాచిన దాషీ అనే నీరు ఉండవచ్చు; థాయ్ కూరల్లో చేపల సాస్ ఉంటుంది. 'మాంసం, చేప, చేపతో కాచిన నీరు, రొయ్యల ముద్ద ఏవీ తినను' అని ఆ భాషలో ముందే రాయించుకుని, తెర చిత్రంగా ఫోన్‌లోనూ, కాగితం మీదా ఉంచుకుని వంటవారికి చూపించండి.

సామానుకు ఒక ట్రాకర్ ట్యాగు చాలు. ఆపిల్ వారి ఎయిర్‌ట్యాగ్ 2021లో వచ్చింది, అందులోని సీఆర్2032 గుండీ బ్యాటరీ సుమారు సంవత్సరం వస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లకు వేరే ట్యాగులున్నాయి. మీ ఫోన్‌తో కలిసేది చూసి కొనండి. ఐఫోన్‌లో ట్యాగు స్థానాన్ని లింకుగా విమాన సంస్థకు పంపే వీలు 2024 చివర్లో వచ్చింది.

ఏడో అడుగు: గది, వీధి, ఆపద

తలుపు కదలకుండా దాని కింద దూర్చే చిన్న చెక్కముక్కలాంటి అలారం ఒకటి దొరుకుతుంది. ఎవరైనా తలుపు తోస్తే తలుపూ ఆగుతుంది, అలారం కూడా మోగుతుంది. ఒంటరిగా వెళ్ళే ఆడపిల్లలకు నేను ముందు చెప్పే వస్తువు ఇదే, ఖరీదు తక్కువ, ఏ దేశంలోనూ చిక్కు రాదు. పెప్పర్ స్ప్రే సంగతి వేరు. మన దగ్గర సంచిలో వేసుకుని తిరగడం మామూలే గాని బ్రిటన్‌లో అది నిషేధిత ఆయుధం కిందకు వస్తుంది, సింగపూర్, హాంకాంగ్‌లలో కూడా దొరికితే కేసే. దాని బదులు పిన్ను లాగితే గట్టిగా అరిచే చిన్న అలారాన్ని తాళాల గుత్తికి తగిలించుకోండి.

ఉపగ్రహ సంకేతంతో సందేశాలు పంపే పరికరాలు కొండల్లో నడిచేవారికి నిజంగా ప్రాణాధారమే, కాని అనుమతి లేకుండా వాటిని భారతదేశంలోకి తేవడం నేరం. మన విమానాశ్రయాల్లో విదేశీయులు కూడా ఇందుకు చిక్కుకున్నారు. కొనకండి, అవసరమైతే అక్కడే అద్దెకు తీసుకుని అక్కడే తిరిగి ఇచ్చేయండి. డ్రోన్‌లు మొరాకో వంటి దేశాల్లో విమానాశ్రయంలోనే పట్టుకుంటారు.

ఫోన్ లాక్ తెర మీద కనిపించేలా మీ రక్త వర్గం, మందుల అలర్జీ, ఇంటివారి నంబరు నింపండి. స్పృహ లేని స్థితిలో వైద్యులకు మీ తరఫున చెప్పేవారు ఎవరూ ఉండరు. పవర్ బటన్‌ను ఐదుసార్లు నొక్కితే అత్యవసర కాల్ వెళ్ళే సదుపాయం చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉంది, దాన్ని చేతనం చేసుకోండి. ఐరోపా అంతటా 112, అమెరికా, కెనడాలలో 911, బ్రిటన్‌లో 999, ఆస్ట్రేలియాలో 000. జపాన్‌లో పోలీసులకు 110, అంబులెన్సుకు 119. థాయిలాండ్‌లో పర్యాటక పోలీసులకు 1155.

ఇంటివాళ్ళకు మీరున్న చోటు తెలియాలంటే వాట్సాప్ లైవ్ లొకేషన్ గరిష్ఠంగా 8 గంటలే ఉంటుంది. గూగుల్ మ్యాప్స్‌లో మీరు ఆపేవరకు ఉంటుంది. ఒక్కరికి మాత్రమే పంచుకోండి, రోజూ ఒక సమయం నిర్ణయించుకోండి. న్యూయార్క్‌లో వేసవిలో మనకంటె తొమ్మిదిన్నర గంటలు వెనక ఉంటుంది, అందువల్ల మీ రాత్రి సందేశం అమ్మకు మర్నాడు పొద్దున చేరుతుందని ముందే చెప్పి పెడితే ఆమె నిద్రపోగలదు.

ఎనిమిదో అడుగు: ఫోన్ పోతే చేయవలసిన క్రమం, ఇంటి దగ్గరే ఒక పరీక్ష

ఫోన్ లాక్కుపోయినవారి వెంట పరుగెత్తవద్దు. గదికి చేరి, రెండో ఫోన్‌తో ముందుగా గూగుల్ లేదా ఆపిల్ వెతికే సేవలో పోయిన ఫోన్‌ను లాక్ చేయండి. తెర మీద అక్కడ పనిచేసే నంబరు పెట్టవచ్చు. ఆ తరువాత అందులో చేర్చిన కార్డును బ్యాంకు యాప్‌లో ఆపండి, రెండో కార్డును తెరిచి ఉంచండి. ఇంటికి సందేశం పంపండి. మీ పేరుతో ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వవద్దని అందులోనే చెప్పండి. అప్పుడు పోలీసు స్టేషన్‌కు వెళ్ళి ఐఎంఈఐ నంబరుతో ఫిర్యాదు ఇచ్చి, దాని కాపీ తీసుకోండి. బీమాకు అది కావాలి. ఫోన్‌తో పాటు పాస్‌పోర్టు కూడా పోతే అదే ఫిర్యాదు, పాస్‌పోర్టు స్కాన్ కాపీ, ఫొటోలతో భారత రాయబార కార్యాలయానికి వెళితే తిరిగి రావడానికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు.

ఈ ఏర్పాట్లన్నీ పనిచేస్తాయో లేదో తెలుసుకోవడానికి బయలుదేరడానికి పదిహేను రోజుల ముందు ఒక సాయంత్రం ప్రధాన ఫోన్‌ను ఆపి, బీరువాలో పెట్టేయండి. పాత ఫోన్, ఆ కాగితం, రెండో కార్డు, వీటితో మాత్రమే మీ ఈమెయిల్ తెరవండి, విమానం టికెట్టు చూపించండి, వాట్సాప్‌లో ఇంటివాళ్ళకు కాల్ చేయండి, బ్యాంకు యాప్‌లో ఒక కార్డును ఆపి మళ్ళీ తెరవండి, కార్డుతో ఏటీఎంలో కొంత డబ్బు తీయండి. ఎక్కడ ఆగిపోతారో అక్కడే సరిచేయవలసిన పని ఉంది: పాస్‌వర్డు గుర్తులేకపోవచ్చు, బ్యాంకు యాప్ ఈ ఫోన్‌లో నమోదై ఉండకపోవచ్చు, కార్డు పిన్ మరిచిపోయి ఉండవచ్చు. కొత్త పిన్ రావడానికి, సిమ్ మార్చుకోవడానికి, బ్యాంకు శాఖకు ఒకసారి వెళ్ళి రావడానికి ఆ పదిహేను రోజులు సరిపోతాయి.